గోదాము ఎలుక

కలాసిపాళ్యం లారీ ఆఫీసులో
పగలంతా బిల్టీలు రాసి
శుక్రవారం ఆరింటికి
జయనగర్ నాలుగో బ్లాకులో
జెరాక్సు షాపు మీది మేడ ఎక్కుతాను.
కింద బేకరీ. మెట్ల మీద వెన్న కాలిన వాసన.
పైన పదకొండు బల్లలు, రెండు ఫ్యాన్లు.
పూవయ్య తప్ప నా ఈడువాడు ఇంకొకడు లేడు.

కొత్త పెట్టెలో ఈ ముక్క వచ్చింది.
పేరు గోదాము ఎలుక.
నవ్వొచ్చింది. రోజూ చూసే మొహమే.
ఖర్చు మూడు. బలం ఒకటి. ప్రాణం రెండు.
బల్ల మీదికి దిగగానే ఒక ముక్క లాక్కో,
అది బతికున్నన్నాళ్లూ నీ ప్రతి వంతుకీ ఇంకొకటి.
బొమ్మలో బియ్యం మూట మీద కూర్చుని
నా వైపే చూస్తోంది,
లోడు సరిగ్గా లెక్కపెట్టావా అన్నట్టు.

లెక్కపెట్టాను.
జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు,
చేతికి అలవాటే.
దాన్ని చంపాలంటే ఎదుటివాడు ఒక ముక్క పారెయ్యాలి.
అది పోయినా, తెచ్చిన ముక్క నా చేతిలో ఉంటుంది.
పోతూ కూడా నష్టం చెయ్యని మనిషి
మా సేటు దగ్గర ఇంతవరకు పనికి చేరలేదు.
చంపకపోతే ఇంకా మేలు,
పూటకో బస్తా లోపలికి వస్తూనే ఉంటుంది.

పూవయ్య పెదవి విరిచాడు.
మడికేరి మనిషి, మాట పొదుపు.
"మూడో వంతులో నువ్వు ఎలుకను మేపుతుంటే
వాడు నీ ఇంటికి నిప్పు పెడుతుంటాడు."
అని, టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

మా ఓబులేసు మామ గుర్తొచ్చాడు.
కదిరిలో, నూనె మిల్లు వెనక, రమ్మీ.
ఆయన లెక్కలో చేతిలో మిగిలిన ముక్క
ఆస్తి కాదు, అప్పు.
"దించుకున్నోడిది ఆట అబ్బీ,
దాచుకున్నోడిది కౌంటు" అనేవాడు.
తాను మాత్రం రాజునీ రాణినీ వదల్లేక
ఎప్పుడూ ఫుల్ కౌంటే ఇచ్చేవాడు, అది వేరే సంగతి.

మూడో రౌండు. ఎదురుగా ఇబ్బని.
ఏడో తరగతి. యూనిఫాం మీదే వచ్చింది.
జడ రిబ్బను ఒకటి ఊడింది, కట్టుకునే తీరిక లేదు.
ఒకటో వంతులో అగ్గిచీమ. రెండులో ఇంకో రెండు.
మూడులో నేను ఎలుకను దించాను.
ముక్క లాగాను. బాగుంది.
ఆ పిల్ల ఎలుకను చంపలేదు.
చూడనైనా లేదు.
పక్కనుంచి చీమలబారు నా మీదికే వచ్చింది.
నాలుగులో ఇంకో ముక్క. అదీ మంచిదే.
ఐదులో ఇంకొకటి. అన్నిట్లోకీ మంచిది, ఖర్చు ఆరు.
ఏడు ముక్కలు విసనకర్రలా పట్టుకుని
సున్నాకి చేరాను.

సరుకంతా గోదాములో భద్రం,
దించాల్సిన ఊరే తగలబడింది.
దీన్ని ఏ పద్దు కింద రాయాలి?
ఖర్చు మూడని అచ్చేశారు గానీ
అసలు ఖర్చు ఒక వంతు.
ఆ వంతులో నేను గోడ కట్టుకోవాల్సింది.

అంటే ఎలుక చెడ్డదా?
రెండో రౌండులో ఇదే ఎలుక
నిదానంగా ఆడే ఒక ఇంజినీరింగ్ కుర్రాడి మీద
తొమ్మిది ముక్కలు మోసుకొచ్చింది.
చివరికి అతను ఖాళీ అరచేతులు చూపించి నవ్వాడు.
బలం ఒకటి అన్న అంకె
ఆ ఆటలోనూ ఒకటే, ఈ ఆటలోనూ ఒకటే.

వాన మొదలైంది. ఎవరో కిటికీ రెక్కలు వేస్తున్నారు.
ఇబ్బని తన చీమల్ని డబ్బాలో సర్దుకుంటూ
కన్నడంలో, మెల్లగా,
అంకుల్, ఆ ఎలుక నాకిస్తారా అంది.
బదులుగా రెండు మెరుపు ముక్కలు బల్ల మీద పెట్టింది.

నీకేం పనమ్మా దాంతో?

"ఐదో వంతు దాటితే
నా చేతిలో ఏమీ ఉండదు కదా."

పూవయ్య చెప్పలేదు ఈ మాట. నా పద్దులోకీ రాలేదు.
గెలిచినప్పుడు ఆ పిల్ల చేతిలో
ఊడిన రిబ్బను తప్ప ఏమీ లేదు.
ఇంకొక్క వంతు నేను నిలబడి ఉంటే.

ఇవ్వలేదు.
ఎలుకను తొడుగులోకి తోసి, జేబులో వేసుకుని
మెట్లు దిగుతుంటే పైనుంచి
"మూడిస్తా" అని వినిపించింది.

బేకరీ ముందు, వానలో,
మూడా, అని ఆగాను.