తాళం తీసే దాకా

ఈ ఊరికి చలి
పెళ్ళికొచ్చిన దూరపు చుట్టం.
మూడు వారాలుంటుంది,
కుర్చీ అంచునే కూర్చుంటుంది,
ఎవరైనా గట్టిగా తుమ్మితే
లేచి వెళ్ళిపోతుంది.
మే నెలంతా కొండరాళ్ళు కాలి
రాత్రి పొద్దుపోయేదాకా నిట్టూర్చే
ఈ మొగల్రాజపురంలో
పద్దెనిమిది డిగ్రీలకే వణుకుతున్నామంటే
నవ్వుతారు బయటి ఊళ్ళవాళ్ళు.

నవ్వనీ.
మా వాచ్‌మన్ ఏసుపాదానికి మంకీ క్యాప్ ఉంది,
దాని మీద తువ్వాలుంది,
దాని మీద
"ఇంత చలి ఎప్పుడూ చూళ్ళేదండి" అని
ఏటా చెప్పే మాట ఉంది.

ఆరు కాకముందే
సందు చివర సాంబ్రాజ్యం బండి మీద
ఇస్త్రీ పెట్టె నోరు తెరుస్తుంది.
కొబ్బరిచిప్పల బొగ్గులు నాలుగు పడేసి
పోయినేడాది క్యాలెండర్ అట్టతో విసురుతుందావిడ.
రవ్వలు మంచులోకి ఎగిరి
ఎటు పోయాయో చెప్పకుండా ఆరిపోతాయి.

బండి కింద బూడిద రాలే చోటు
ఓ గోధుమరంగు కుక్కది.
పట్టా ఉన్నట్టే పడుకుంటుంది.
పాలప్యాకెట్లు వేసొచ్చిన ఖాజావలి
కొంకర్లు పోయిన వేళ్ళు
పెట్టెకి జానెడు దూరంలో చాపి
"పిన్నీ, కాస్త ఇటు తిప్పవా" అంటాడు,
అదేదో టేబుల్ ఫ్యానైనట్టు.

నేను జూన్‌లో బదిలీ మీద వచ్చాను.
ఇంట్లో నాతో మాట్లాడేది కుక్కర్ ఒక్కటే,
అదీ మూడు మాటలు.

మొదట్లో నలిగిన చీరలే తెచ్చేదాన్ని.
ఇవాళ మాత్రం
మంగళవారం ఆవిడ చేతుల్లోంచే వెళ్ళిన
ఆకుపచ్చ మంగళగిరి చీర,
కట్టను కూడా కట్టలేదు,
గురువారానికి మళ్ళీ పట్టుకొచ్చాను.

సాంబ్రాజ్యం మడత మీద వేలితో రాసింది.
తన గీత తనకి తెలీదా.
నా వైపు చూసింది.
నేను కుక్క వైపు చూశాను.
"బాగా నలిగిందమ్మా" అంది.

నీళ్ళు చిలకరించింది.
చుయ్యిమని ఆవిరి.
గంజి వాసన, కాస్త మాడు వాసన,
బడికి ఆలస్యమైన పొద్దున
ఒంటి మీద పడ్డ వేడి యూనిఫాం వాసన,
ఆ వెనకే మా అమ్మ అరుపు కూడా.

కాగితంలో చుట్టలేదు.
అప్పుడే నీళ్ళు పోసిన పిల్లని అందించినట్టు
రెండు చేతుల్లో పెట్టింది.
"చప్పున పట్టుకెళ్ళు, ఆరిపోద్ది."

డబ్బులొద్దంటే కథ బాగుండేది.
తీసుకుంది.
ఇరవై ఇస్తే, చిల్లర లేదు,
ఐదు రూపాయలు రేపిస్తానంది.
డబ్బాలో చిల్లర గలగలమంటూనే ఉంది.

లిఫ్టుంది. ఎక్కలేదు.
పొట్టకి ఆనించుకుని
ఒక్కో మెట్టూ ఎక్కాను,
ఎదురొచ్చిన పైవాటా ఆవిడ
"ఏంటండీ, జ్వరమా?" అంది.
కాదన్నాను.
మంగళవారం వేడి రెండో అంతస్తు దాకే వచ్చింది.
ఇవాళ తాళం తీసే దాకా ఉంది.

లోపలికొచ్చాక కూడా
కాసేపు కింద పెట్టలేదు.

ఆఫీసుకి టైమవుతోంది.
బియ్యం కడగలేదు.
అల్మరా తెరిచి
రేపటికి
ఏది నలగలేదో వెతుకుతున్నాను.