రెండో ట్యాంకు

చర్చి వీధిలో నాది సెల్ రిపేరు బంకు.
పోయిన మామిడికాయల సీజన్లో
ఒక పిల్లోడు అరచేతంత పెట్టె ఇచ్చిపోయినాడు,
‘చార్జింగ్ ఎక్కలేదక్కా, రేపొస్తా’ అని.
వాడి రేపు కార్తీకమొచ్చినా రాలేదు.

వానకి గిరాకీ లేని ఒక మధ్యాహ్నం
వీపు మూత విప్పి చూస్తే
బ్యాటరీ పూరీ మాదిరి ఉబ్బి ఉండాది.
పాత ఫోనుది ఒకటి తెచ్చి అతికించి
బటన్ నొక్కితే
గోరంత కార్డులోనించి మూడువేల ఆటలు
చీమలబారు మాదిరి పైకి పాకినాయి.
కొన్నిటికి జపాను అక్షరాలు.
కొన్నిటికి పేరే లేదు.
ఆరొందల పన్నెండోది
నేనెరిగిన ట్యాంకుల ఆట.

సంతపేటలో ఏకాంబరం వరండా.
రెండు డయనోరా టీవీలు, గంటకి నాలుగు రూపాయలు,
గోడమీద బొగ్గుతో
‘అప్పు లేదు, చెప్పులు బయట’.
ఆడపిల్లలు రాకూడదని రాయలేదు.
రాయాల్సిన పనిలేదు.
కిటికీ ఊచలు పట్టుకుని చూస్తా ఉండేదాన్ని,
మా యమ్మకని కొన్న చింతపండు పొట్లం
చేతిలోనే మెత్తబడిపోయేదాకా.

రెండు నించి మూడు దాకా ఏకాంబరానికి నిద్ర.
అప్పుడు వళ్ళియమ్మ తలుపు ఓరగా తీసి
‘మేయ్, లోపలికి రా, ఎవురితో జెప్పొద్దు’ అనేది.
క్యాసెట్ ఊడబెరికి, కొంగుతో తుడిచి,
పొయ్యి ఊదినట్టు ఊదేది.
అంత ఊపిరి ఆమెకి యాడినించి వచ్చేదో.

పసుపు ట్యాంకు ఆమెది, ఆకుపచ్చది నాది.
‘నువ్వు గోడకాడ ఉండు. నేను పైకి పోతా.’
ఆ వేళ్ళకి పులిసిన ఇడ్లీపిండి వాసన.
ముప్పై మూడో మెట్టు దాకా పోయేది ఆమె.
మొగపిల్లోళ్ళల్లో పదకొండు దాటినోడు లేడు.
ఈ సంగతి
ఆ టీవీకీ నాకూ తప్ప
చిత్తూర్లో ఎవురికీ తెలీదు.

ఇప్పుడు, బంకులో, ఆట మొదలయింది.
ఇటుకలు అవే. ట్యాంకులు అవే.
ఏదో తేడా.
పాట పరిగెత్తతా ఉండాది,
వేలూరు బస్సు తప్పిపోతుందన్నట్టు.
నా వేళ్ళే ముసిలివయిపోయినాయేమో అనుకున్నా.

సెట్టింగుల్లో తవ్వితే దొరికింది.
ఈ పెట్టె సెకనుకి అరవై బొమ్మలు తిప్పతా ఉండాది.
ఏకాంబరం బర్మాబజారు నించి తెచ్చిన మిషను
యాభయ్యే తిప్పేది.
అంటే,
నాకు పదేళ్ళప్పుడు
మధ్యాహ్నం రెండు నించి మూడు దాకా
కాలం నిజంగానే నిదానంగా నడిచింది.
నా భ్రమ కాదు. లెక్క ఉండాది.

అరవైని యాభై చేసినా.
పాట ఊపిరి తీసుకునింది.

ఒకరా, ఇద్దరా అని అడిగింది ఆట.
ఇద్దరం అని నొక్కినా.
పెట్టెకి ఉండేది ఒక జత బటన్లే.
పసుపు ట్యాంకు నా చేతికొచ్చింది.
ఆకుపచ్చది కదల్లేదు,
గోడకాడనే నిలబడింది
ఎవురో ఉండమని జెప్పిపోయినట్టు.
నేను పైకి పోయినా.
నాలుగో మెట్టులో చచ్చినా.
ఆకుపచ్చది ఇంకా అట్లనే ఉండాది,
దానికేసి గుండ్లు వస్తా ఉంటే.

వాళ్ళు గుడియాత్తం పోయినారంటారు కొందరు,
ఆంబూరంటారు ఇంకొందరు.
వరండా ఇప్పుడు జెరాక్స్ అంగడి.

మొన్న శివరాత్రికి ముందు ఆ పిల్లోడు వచ్చినాడు.
గడ్డం మొలిచుండాది.
నిలబడే ఒక ఆట ఆడి చూసినాడు.
‘ఏందక్కా, మెల్లగా పోతా ఉంది?’

‘అదే దాని స్పీడు నాయనా.
బ్యాటరీకి రెండొందలు ఇయ్యి.’