ముప్పై ఒకటిన్నర

ఎర్రగుంట్ల కాలేజీలో
కెమిస్ట్రీ ల్యాబు తాళంచెవి
పంతొమ్మిదేండ్లు నా మొలతాడుకే ఉండాది.
ఏడాదికొకసారి, ప్రాక్టికల్ పరీక్షల ముందురోజు
తలుపు తీసేది, బల్లుల్ని అదిలించేది,
నాపరాతి గట్ల మీద దుమ్ము తుడిచేది.
పిల్లోళ్లు లోపలికి వచ్చేసరికే రికార్డుల్లో
ఇరవై, ఇరవై, ఇరవై అని రాసుంటాది.
బ్యూరెట్టు తడవకముందే రీడింగులు కుదిరిపోయేటివి.
కడిగేది మాత్రం నేను,
ఎవురో వదిలేసి పోయిన రంగుల్ని.
గులాబీ, నీలం, ఒకోసారి తుప్పు.
అన్నీ నా చేతికొచ్చేసరికి
అయిపోయిన రంగులే.

సువార్తమ్మ మేడం వచ్చిన మొదటి వారం
బోర్డు మీద ఏమీ రాయలేదు.
బాగా పలచన చేసిన ఆసిడ్డు, ఒక డ్రాపరు ఇచ్చి
"ఈ గట్టును అడగండ్రా, నువ్వేం రాయివని" అనింది.
ఓబులేసు ఒక్క చుక్క వేసినాడు.
నల్లరాయి మీద తెల్లగా బుసబుస పొంగు.
"మేడం, మా నాయన రాయి ఉడుకుతాంది!"
వాళ్ల నాయన క్వారీలో సమ్మెట కొడతాడు.
కడిగినాక ఆ మచ్చను
రెండుసార్లు తడిమి చూసుకున్యాడు పిల్లోడు.
అది ఇప్పటికీ ఉండాది. నేను రుద్దను.

మళ్లా శుక్రవారానికి
"ఇంటి నీళ్లు తలా ఒక సీసా తెండి.
రికార్డు తర్వాత. ముందు పందెం.
ఎవురి బోరు గట్టిదో తేలాల."

పందెమంటే మా సీమలో చెప్పల్నా!
కూల్‌డ్రింకు సీసాలు,
వాసన పోయేదాకా తోమిన క్వార్టర్ సీసా ఒకటి,
గంగాభవాని వాళ్లవ్వ
పెన్నలో చెలమ తోడి ఇచ్చిన బిందె.
చెలమ నీళ్లు ఆరు దాటకుండానే నీలమైనాయి.
క్వారీ కాడి బోరు పద్దెనిమిదికే మారిందని ఒకడు,
లేదు, ఇంకా ఊదా కనపడతాందని ఒకతి,
కింద తెల్లకాగితం పెట్టుకోని కొట్లాట.
మేడం కిటికీ కాడ నిలబడి నగుతాంది.
తీర్పు చెప్పదు.
"మళ్లీ చెయ్యండి" అంటాది.

గంట కొట్టినాక నన్ను పిలిచింది.
"హుసేనప్పా, నీ సీసా ఏదీ?"
క్యారియరు సంచిలో తాగే నీళ్లుంటే ఇచ్చినా.
"నువ్వే తిప్పు."
ఇన్నేండ్లు కడిగిన గాజే,
దాని చెవి తిప్పింది ఆ పొద్దే.
ఫ్లాస్కులో ద్రాక్షపండ్ల ఎరుపు.
పది. పదిహేను. ఇరవై ఐదు. కదలదు.
పిల్లోళ్లు ఇండ్లకు పోకుండా మూగినారు.
"చుక్క చుక్కగా, హుసేనన్నా!"
ముప్పై దాటినాక ఎరుపు తడబడింది.
ఊదా.
ఇంకో చుక్క,
అర చుక్క,
నీలం.
నా కండ్ల ముందరే.

ముప్పై ఒకటిన్నర! పందెం నాదే.
ఈలలు వేసినారు.
"ఈ నీళ్లకు సబ్బు నురగ రాదు, బేడలు ఉడకవు"
ఊరికే అన్నట్టు అని
మేడం చేతులు కడుక్కోను పోయింది.

బేడలు ఉడకవు.

పన్నెండేండ్లు.
కాశింబీ పొయ్యి ముందర ఊదుతా కూచోనుంటే
గడప మీంచి నేనన్న మాటలు,
వాళ్లమ్మను కూడా కలిపి.
గిన్నె ఎత్తేసిన రాత్రి ఒకటి ఉండాది,
అది ఎవురికీ చెప్పలే.

ఆ సాయంత్రం మిగిలిన చెలమ నీళ్లు
గంగాభవానిని అడిగి పట్టకపోయినా.
"ఏందివి?" అనింది కాశింబీ.
"ఆరు" అన్న్యా.
దానికి అర్థం కాలే.
నాకూ యాడ మొదలుపెట్టాల్నో తెలీలే.
చాట ముందరేసుకోని
బేడల్లో రాళ్లు ఏరను కూచున్యా.