అతుకు

గవర్నర్‌పేట కోర్టులో
బోనెక్కినవాళ్ల మాటల్ని ఇంగ్లీషులోకి దించడం నా పని.
పందొమ్మిదేళ్లుగా దించుతున్నాను,
లారీలోంచి ధాన్యం బస్తాలు దించినట్టే.
ఒక్కోసారి బస్తా చిరుగుతుంది.

ఆ రోజు బోనులో మీరావలి.
ఆటోనగర్‌లో లారీ బాడీలు కడతాడు.
తెల్లచొక్కా వేసుకొచ్చాడు గానీ
ముంజేతుల మీది నిప్పురవ్వల మచ్చలు
దాని చేతుల కింద దాగలేదు.
తగువంతా ఒక బిల్లు గురించి:
తొట్టి వెనక తలుపు, కొత్త ఛానళ్లు, కూలితో కలిపి
నలభై ఒక్క వేల ఆరువందలు.

ఇన్సూరెన్సు వకీలు కాగితం గాల్లో ఊపి
"ఇదంతా ఫ్యాబ్రికేటెడ్. అవునా, కాదా?" అన్నాడు.
నేను నోరు తెరిచేలోపే
మీరావలి మొహం వెలిగింది.
ఇంగ్లీషు మొత్తంలో అతనిదనుకున్న మాట అదొక్కటే,
షాపు బోర్డు మీద
పసుపు రంగుతో తనే రాసుకున్న మాట.
"అవునండి! ఫ్యాబ్రికేషన్ మొత్తం నాదే.
ఒక్క రాడ్డు కూడా బయటోడితో కొట్టించలా."

హాలంతా నవ్వింది.
"ఒప్పుకున్నాడు, రాసుకోండి" అన్నాడు వకీలు.

నా పెన్ను ఆగింది.
ఆ మాట నాకు ఫైళ్లలోనే పరిచయం.
చచ్చినవాడి వేలిముద్ర,
రాసిన తేదీకి ఇంకా అచ్చే కాని స్టాంపు కాగితం.
దానికి ఇనుము వాసన కూడా ఉంటుందని
ఎవరు చెప్పారు నాకు?

ఇంగ్లీషుని తిట్టుకోబోయి నాలిక్కరుచుకున్నాను.
మనం మాత్రం?
ఇల్లూ కడతాం, కథా కడతాం.
ఇంట్లో దీపం పెట్టుకుని
కట్టుకథని నడిబజార్లో నిలబెడతాం,
రెంటికీ మేస్త్రి ఒకడే అయినా.

"ఆ తలుపు తయారుచేసింది నేనేనని సాక్షి చెప్పాడు."
అలా రాశాను.
తలుపన్న మాట అతను అనలేదు.

శ్రావణంలో, కిటికీకి ఊచలన్న సాకుతో
ఆటోనగర్ వెళ్లాను.
వాన నీళ్లలో గ్రీజు ఏడు రంగులుగా తేలుతోంది.
గుర్తుపట్టి స్టూలు వేశాడు.
చిన్న సుత్తితో అతుకు మీద కొట్టి, చెవి ఒగ్గి,
"దొంగ అతుకైతే మూగగా పలుకుద్ది మేడమ్,
పైన పూత బానే ఉంటది" అన్నాడు.
తర్వాత, నావైపు చూడకుండా,
"ఆ రోజు నా మాట ఏమని రాశారు?"

చెప్పాను.
మధ్యలో నా మాట ఒకటి పెట్టానని కూడా.

నల్లద్దం ముసుగు మొహం మీదికి దించుకుంటూ
అడిగాడు:
"పట్టిందా మరి?"

అప్పీలు నడుస్తోంది,
ఇంకా దానిమీద బరువు పడలేదన్నాను.