వలల మరమ్మతు

షెపర్టన్ పిల్లల ఫుట్‌బాల్ క్లబ్బు
చిట్టా ఆవర్జాలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పట్టాయి.
కోశాధికారి పదవి నాకెలా వచ్చిందంటారా,
మీటింగు మధ్యలో టీ కోసం లేచాను,
తిరిగొచ్చేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు.

మొదటి పుస్తకం డోరీన్ హాస్లెట్ గారిది.
నీలి సిరా, వాలు రాత.
నిమ్మ షోడాల మీద జమ నాలుగు డాలర్ల ఇరవై సెంట్లు.
ఈల ఒకటి, ఖర్చు.
ఈల పోయింది. ఇంకొకటి, ఖర్చు.
ఏడాది చివర నిల్వ పదకొండు డాలర్లు,
కింద రెండు గీతలు. ఎంత గట్టిగా గీసిందో
నాలుగు పేజీల దాకా అచ్చు పడింది.

తర్వాత ఫెహ్మీ గారి పెన్సిల్.
పండ్ల ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన చొక్కాలు, వీపు మీద పీచు పండు.
వరదొచ్చిన ఏడు కాగితాలు ఉబ్బి, ఇప్పటికీ బురద వాసన.
ఆపైన కంప్యూటర్ షీట్లు:
హార్డ్‌వేర్ షాపు ముందు శనివారాల సాసేజీలు,
ఉల్లిపాయలు మిగిలాయి, బ్రెడ్డు చాల్లేదు.
ఇన్సూరెన్సు మాత్రం
పిల్లలకన్నా తొందరగా పొడుగవుతూ వచ్చింది.

ఏ ఏడూ తప్పని పద్దు ఒకటుంది: వలల మరమ్మతు.
ఒకసారి అరవై, ఒకసారి నూట ఎనభై.
ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు ఎత్తేసిన ఏడు
తొమ్మిది వందలు!
రసీదు ఒక్కటీ లేదు.
మందుల షాపులో మాత్రలు లెక్కపెట్టే మనిషిని,
నిద్ర పట్టక మైదానానికి వెళ్లి చూశాను.
టమాటా తీగలు కట్టే పురికొస, తెగిన బూటు లేసులు,
ముడి మీద ముడి.
కొత్త దారం జాడే లేదు.

ఇంటికొచ్చి ఫీజుల పుస్తకం తెరిచాను.
ఆ ఏడు ఖాళీ గళ్లు పదిహేను.
తలకు అరవై.
రెండుసార్లు కూడి చూశాను.

ఫెహ్మీ గారికి తొంభై దాటాయి.
అడిగితే, కిటికీలోంచి బయటికి చూస్తూ
"ఆ ఏడు పియర్ కాయలు విరగకాశాయమ్మా" అన్నాడు.

మార్చిలో ఫురాహా ఇద్దరు కొడుకుల్ని తీసుకొచ్చింది.
పర్సు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది.
"బూట్ల సైజు ఎంత?" అన్నాను.
ఆ రాత్రి షీటులో ఒక వరస ఎక్కువ పట్టింది.

ఆడిటరు ఉత్తరం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది.
రసీదు జతచేయమంటాడు.

ఆదివారం మనవాళ్లు కొట్టిన బంతి
వల దూరిపోయి కాలువ గట్టు దాకా దొర్లింది.
గోలేనని రిఫరీ,
పక్కనుంచి పోయిందని వాళ్ల కోచ్.
బంతి కోసం పరిగెత్తిన చిన్నవాడు
ఇంకా తిరిగి రాలేదు.