లప్పం పెట్టే మనిషి

ఇరవై రెండేళ్లుగా రెయినో కొట్టిన మేకుల వెనకే
లప్పం డబ్బా పట్టుకుని నడుస్తున్నాను.
థండర్ బేలో ఏ ఇంటి పట్టీలకి ఎన్ని చిల్లులో
నా బొటనవేలికి తెలుసు.

ఈ చలికాలం అతని కుడి భుజం
పైకి లేవనని మొండికేసింది.
ట్రక్కులో నా పక్కన
సుత్తిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.
"నువ్వే చూడు, ఇర్యా. నాకీ తుపాకుల గోల తెలీదు."

కొట్లో ఓరెస్ట్ కుర్రాడు బల్ల మీద నాలుగు పరిచాడు.
ఇరవై మూడు, పద్దెనిమిది, పదహారు, పదిహేను.
గేజి అంకె పెరిగేకొద్దీ మేకు సన్నబడుతుందట.
"మా నాన్నకీ అంతే, వయసు పెరిగేకొద్దీ" అన్నాడు రెయినో.
పొద్దుటినుంచీ అదే రెండో మాట.

పైన్ చెక్క ముక్క మీద ఒక్కొక్కటే పేల్చి చూపించాడు కుర్రాడు.
మొదటిది చీమ కుట్టినంత.
రెండోదానికి నువ్వుగింజంత లప్పం చాలు.
మూడోదానికి బియ్యపుగింజంత.
నాలుగోది నేను చూడనే లేదు.

నా మోకాళ్లు పద్దెనిమిది దగ్గరే ఆగిపోయాయి.
చిన్న చిల్లు, చిన్న పని, తొందరగా ఇల్లు.
"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అన్నాను.

రెయినో వాదించలేదు.
పేల్చిన పట్టీ కింద ఉలి దూర్చి
మంచి చేత్తో ఒక్కసారి ఎత్తాడు.
వెన్నలోంచి వెంట్రుకలా వచ్చేసింది నా నువ్వుగింజ మేకు.
పదహారు కిర్రుమంది. రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది జనవరి.
బయట మైనస్ ముప్పై, లోపల హీటరు,
మధ్యలో బిక్కుబిక్కుమంటూ ఎండే చెక్క.
మూలల్లో అతుకులు పెదవుల్లా విచ్చుకుంటాయి.
వసంతంలో పిలుస్తారు నన్నే,
డబ్బులివ్వడానికి కాదు.

"పదహారివ్వు" అన్నాను,
"బ్యాటరీది."
మాకెలా వాళ్ల మేడ మీద పదకొండు రోజుల బిడ్డ ఉంది,
కంప్రెసర్ మొరిగితే ఊరుకుంటుందా?
బరువే. కానీ రెయినో దాన్ని నడుము దగ్గర పట్టుకుంటే
భుజం ఏమీ అనలేదు.

మధ్యాహ్నం మొదలుపెట్టాం.
అతని సుత్తికి మూడు దెబ్బలుండేవి.
మూడోదానికి ముందు చిన్న ఊపిరి.
ఆ ఊపిరిలోనే నేను కత్తిని డబ్బాలో ముంచేదాన్ని.
అలా అని ఎవరికీ చెప్పలేదు,
నాకే ఇవాళ తెలిసింది.

ఇప్పుడు ఒకటే చప్పుడు, అయిపోయింది.
నేను రెండో చిల్లు దగ్గరుండగా
అతను కిటికీ దాటాడు.
"ఆగు" అన్నాను.
ఇన్నేళ్లలో ఆ మాట ఎప్పుడూ అతనిదే.

తొమ్మిదో మేకు చెక్క నరం వెంట వంకర తిరిగి
పట్టీ పక్కనుంచి తల బయటపెట్టింది,
అతని వేలికి బెత్తెడు దూరంలో.
ఇద్దరం దాన్ని చూశాం.
"ఇదీ పూడుస్తావా?" అని నవ్వి
ట్రక్కు నుంచి సుత్తి తెమ్మన్నాడు.

ఎడమచేత్తో, చేతకాని కుర్రాడిలా
ఒక దెబ్బ, ఇంకో దెబ్బ,
తర్వాత ఊపిరి.

నేను కత్తి ముంచాను.