కొరికిన కొమ్మల లెక్క

లంకమల కింద మా బీటులో
అందరూ ఎర్రచందనం దుంగల్ని లెక్కపెడతారు.
నాకు మాత్రం ఈ ఏడు
కొరికిన కొమ్మల లెక్క ఇచ్చినారు.
ఒక రిజిస్టరు, ఒక టేపు, నీలం పెన్ను,
యాభై అడుగులకొక సున్నపు గుర్తు.
కణితి ఏ చెట్టు దగ్గర ఆగింది, ఎంత ఎత్తున మేసింది,
ఎన్ని చివుళ్లు తెంపింది.
మృగాన్ని చూడకుండానే
దాని భోజనం రాయాల.

మొదటి వారం నేను రాసిందంతా తప్పు.
యాకసిరి చెంగయ్య నా వెనక నిలబడి
చెవిలో బీడీ సర్దుకుంటా అన్నాడు:
"అది కుందేలుది దస్తగిరీ.
సూడు, కొడవలితో కోసినట్టు ఏటవాలుగా ల్యా?
కణితికి పైన ముందర పండ్లు యాడుండాయి?
కింది పండ్లతో పట్టి ఈడ్చాది.
కొన నారనారగా చీలింటాది,
ముసలోళ్లు నమిలిన చెరుకు మాదిరి."

ఆ పొద్దు నుంచి వేలితో తడిమి రాస్తున్నా.
నున్నగా తగిలితే కుందేలు, గరుకైతే కణితి.
జిగురు తడిగా ఉంటే రాత్రి వచ్చింది.
చీమలు పట్టి ఉంటే, మొన్న.

జాన చెట్టుకు ఏడు కొమ్మలుంటే మూడు.
పక్కన బలుసుకు రెండు.
తంగేడును ముట్టదు, వాసన చూసి దాటిపోతుంది,
పెండ్లి బంతిలో మా మేనత్త
కాకరకాయ తాళింపును దాటినట్టు.
నాలుగడుగులు, మళ్లీ జాన.
ఆ పక్కనే ఎర్రచందనం మొలక,
దానికి ఒకే ఒక్క ఆకు తక్కువ.
అది కోట్ల చెట్టని ఎవరూ చెప్పలేదు దానికి.

"చెట్టంతా ఎందుకు మెయ్యదు?" అని అడిగితే
చెంగయ్య చాలాసేపు రాయి మీద కత్తి నూరినాడు.
"మేసేకొద్దీ ఆకు చేదెక్కుతాది.
చెట్టుకు మాత్రం రోషం ఉండదా?"

ఇంటికొచ్చినాక పెరట్లో కరివేపాకు చూసినాను.
తెంపిన కొనలన్నీ నున్నగా ఉన్నాయి.
"కుందేలు" అన్నాను.
చాకు చేతిలో పట్టుకుని
మా ఖాసింబీ నన్ను ఎగాదిగా చూసింది.

రోహిణి కార్తెలో వంక ఎండింది.
కొమ్మలకు ఆకుల్లేవు, లెక్కకు కొమ్మల్లేవు.
గడులన్నీ ఖాళీగా వదిలేస్తుంటే
చెంగయ్య నా మోచెయ్యి పట్టి
ఉసిరి మాను దగ్గరికి తీసుకుపోయినాడు.
రొమ్ము ఎత్తున బెరడు లేచిపోయింది,
కింది నుంచి పైకి పండ్ల గీతలు.
ఆకలి చెట్టును ఒలుచుకుని తిన్న చోటు
ఎర్రగా, ఆరిన పుండు మాదిరి ఉంది.
దానికింద, నా మోకాలెత్తున,
ఇంకో జత గీతలు.
సన్నవి. లోతు లేనివి.
బెరడు ఊడి రాలేదు.
ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు.
రిజిస్టరులో ఎత్తు రాసే గడి ఉంది, రాసినాను.
నేర్చుకోవడానికి గడి లేదు.

వానలు ఆలస్యంగా వచ్చినాయి, ఆరుద్ర దాటినాక.
కుంట నిండిన మూడో రాత్రి
క్యాంపులో నిద్ర పట్టక బయటికొస్తే
నీళ్లు కదిలిన చప్పుడు.
టార్చి మీద బొటనవేలుంది, నొక్కలేదు.

మబ్బు కాస్త విచ్చింది.
ఆడ కణితి, రొమ్ముల్లోతు నీళ్లలో.
తల ముంచింది. ఎంతసేపు! నేను ఊపిరి బిగబట్టి
మళ్లీ వదిలి మళ్లీ బిగబట్టినాను.
లేచింది. నోటి రెండు పక్కలా నీటిగడ్డి,
చెవుల నుంచి ధార.
నెమ్మదిగా నమిలింది, తొందరేమీ లేనట్టు,
పోయిన ఎండాకాలం ఎవరికో జరిగినట్టు.
గట్టు మీద పిల్ల.
తల్లి నోటి నుంచి జారి కొట్టుకొచ్చిన పోచల్ని
ముందుకాళ్లు మాత్రం తడుపుకుని ఏరుకుంటోంది.

ఎనిమిది నెలలుగా కొనల్లోనే చూసినాను దీన్ని.
ఇంత పెద్దదని అనుకోలేదు.

తెల్లారి లాంతరు పక్కన రిజిస్టరు తెరిచినాను.
కొమ్మలు: సున్న. ఎత్తు: సున్నకు కింద.
పై ఆఫీసరు ఒప్పుకోడు, తెలుసు.
చదువు రాని చెంగయ్య
నా భుజం మీంచి వంగి, ఆ గీతలవంక చూసి
"ఏం రాసినావు?" అన్నాడు.

"తింటాండాది, అని."

"ఆఁ" అన్నాడు, బీడీ వెలిగిస్తూ. "అంతే రాయి."